బెల్టు తెగిన తర్వాతి అర సెకను

మా బావగారి కారు దారిలో ఆగిపోయినప్పుడు చప్పుడేమీ కాలేదు. చెన్నై నుంచి నెల్లూరు వెళ్తున్నాం. రెడ్‌హిల్స్ దాటాం, గుమ్మిడిపూండి ఇంకా రాలేదు. 80లో పోతున్న డీజిల్ బండి, ఎవరో తాళం తిప్పేసినట్టు ఉన్నట్టుండి మూగబోయింది. పొగ లేదు, కాలిన వాసన లేదు. డ్యాష్‌బోర్డు మీద మాత్రం ఎర్ర లైట్లన్నీ ఒక్కసారే వెలిగాయి. బావగారు ఎలాగో ఎడమ పక్కకు తీసి ఆపారు. డీజిల్ ముల్లు చూశారు, సగం ట్యాంకు ఉంది. సెల్ఫ్ కొట్టారు. మోటారు తిరిగింది గానీ రోజూ వినే బరువైన చప్పుడు కాదు, అడ్డేమీ లేనట్టు గిర్రున తిరిగింది. ఇంజిన్ అందుకోలేదు. మళ్లీ కొట్టారు. నాలుగోసారికి నేను, "ఆపండి బావగారూ, బ్యాటరీ దిగిపోతుంది" అన్నాను. చెప్పిన మాట సరైనదే గానీ, చెప్పిన కారణం తప్పని ఆ సాయంత్రం తెలిసింది.

టోయింగ్ బండి మీద మాధవరం చేరాం. మెకానిక్ వెంకటగిరి వైపు మనిషి. చెన్నై వచ్చి ఇరవై ఏళ్లయింది, చేతికింద డీజిల్ బండ్లే ఎక్కువ. బానెట్ ఎత్తకముందే అడిగాడు: "సెల్ఫ్ ఎన్నిసార్లు కొట్టినారు సార్?" ఆ తర్వాత, "టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చినారు?" మొదటిదానికి బావగారు నిజం చెప్పారు. రెండోదానికి ఆయన దగ్గర జవాబే లేదు. సెకండ్ హ్యాండ్‌లో కొన్న బండి. అమ్మినాయన అన్నీ చేయించానన్నాడు, ఈయన అన్నీ అంటే అన్నీ అనుకున్నారు.

బెల్టు, దాని బిగువు చూసుకునే టెన్షనర్, వాటర్ పంపు కలిపి మొత్తం కిట్టు ఆ బండికి 12 వేల లోపే. బావగారు చివరికి కట్టిన బిల్లు 70 వేలు దాటింది. ఆ మధ్యలో ఉన్న డబ్బంతా ఒక రబ్బరు ముక్క పోయినందుకు కాదు. అది పోయాక కూడా తిరుగుతూనే ఉన్న ఇనుము చేసిన పనికి. అదేమిటో తెలియాలంటే ఇంజిన్ లోపలికి కాస్త తొంగి చూడాలి.

బెల్టు అనగానే చాలామందికి గుర్తొచ్చేది ఫ్యాన్ బెల్టు. బానెట్ ఎత్తితే పక్కనే కనిపిస్తుంది. ఆల్టర్నేటర్‌ని, ఏసీ కంప్రెసర్‌ని తిప్పుతుంది. అది తెగితే బ్యాటరీ లైటు వెలుగుతుంది, ఏసీ పోతుంది, కొన్ని బండ్లలో స్టీరింగ్ బరువెక్కుతుంది. వాటర్ పంపు కూడా దానిమీదే తిరిగే బండైతే ఇంజిన్ వేడెక్కుతుంది. చిరాకే గానీ సమయానికి ఆపితే ఇంజిన్‌కి ప్రాణాపాయం లేదు. టైమింగ్ బెల్టు అది కాదు. ప్లాస్టిక్ కవర్ల వెనక దాగి ఉంటుంది, విప్పితే తప్ప కంటపడదు. లోపలి వైపు పళ్లుంటాయి. రబ్బరు మధ్యలో గాజు నారతో పేనిన దారాలుంటాయి, సాగకుండా పట్టి ఉంచేవి అవే. పళ్ల మీద నైలాన్ గుడ్డ తొడుగు. ఫ్యాన్ బెల్టు కాస్త జారితే కీచుమంటుంది, అంతే. దీనికి జారే హక్కు లేదు. ఒక్క పన్ను కూడా తప్పకూడదు.

ఎందుకంటే అది కలుపుతున్నది ఇంజిన్‌లోని రెండు ఇరుసుల్ని. కింద క్రాంక్, పైన క్యామ్. పిస్టన్లు పైకీ కిందికీ ఆడుతూ క్రాంక్‌ని తిప్పుతాయి. క్యామ్ మీద కోడిగుడ్డు ఆకారంలో ఉబ్బులుంటాయి. అవి తిరుగుతూ వాల్వుల్ని సమయానికి కిందికి నొక్కుతాయి. గాలి లోపలికి రావడానికి ఒక వాల్వు, పొగ బయటికి పోవడానికి ఒకటి. నొక్కుడు పోగానే స్ప్రింగు వాల్వుని మళ్లీ మూస్తుంది. పీల్చడం, నొక్కడం, మండడం, వదలడం అనే నాలుగు పనులకీ క్రాంక్ రెండు చుట్లు తిరగాలి. ఆ నాలుగింటిలో ఒక్కో వాల్వు తెరుచుకోవాల్సింది ఒక్కసారే. అందుకే క్రాంక్ రెండు చుట్లకు క్యామ్ ఒక చుట్టు. క్యామ్ పుల్లీకి పళ్లు సరిగ్గా రెట్టింపు ఉండటం అందుకే. 3000 ఆర్‌పీఎం దగ్గర క్రాంక్ సెకనుకు 50 చుట్లు తిరుగుతుంది, ఒక్కో వాల్వు సెకనుకు 25 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. ఇంత వేగంలో ఈ లెక్క తప్పకుండా చూసేది ఆ పళ్ల రబ్బరు.

మా అమ్మమ్మగారింట్లో పండగ ముందు పిండి దంచేవాళ్లు. ఒకావిడ రోకలి పోటు వేస్తుంటే ఎదురుగా కూర్చున్నావిడ చేత్తో రోట్లోకి ఎగదోసేది. రోకలి లేచినప్పుడు చెయ్యి లోపలికి, చెయ్యి బయటికొచ్చాక రోకలి కిందికి. చూసే పిల్లలకి గుండె జారేది. వాళ్లు మాత్రం కబుర్లు చెప్పుకుంటూనే కానిచ్చేవాళ్లు. ఈ కాలపు ఇంజిన్లలో చాలావాటి లోపల జరిగేది అదే. పిస్టన్ రోకలి, వాల్వు చెయ్యి. రెండూ ఒకే చోటుకి వస్తాయి, ఒకే సమయంలో మాత్రం రావు. అలాంటి వాటిని ఇంటర్‌ఫియరెన్స్ ఇంజిన్లు అంటారు. మెకానిక్ భాషలో చెప్పాలంటే తగిలే ఇంజిన్.

తగలని ఇంజిన్లూ ఉన్నాయి. పిస్టన్ పూర్తిగా పైకి వచ్చినా, వాల్వు పూర్తిగా తెరిచి ఉన్నా, మధ్యలో జాగా మిగిలేలా కట్టినవి. అలాంటి బండికి బెల్టు తెగితే ఆగిపోతుంది, కొత్త బెల్టు వేస్తే మళ్లీ కదులుతుంది. టోయింగ్ ఖర్చు, ఒక రోజు పని. మరి అన్నీ అలాగే కట్టొచ్చు కదా అంటే, ఆ మిగిల్చిన జాగాకి రోజూ మూల్యం చెల్లించాలి. గాలిని ఎంత చిన్న జాగాలోకి కుదించి మండిస్తే అదే ఇంధనానికి అంత పని దొరుకుతుంది. వాల్వులు ఎంత బాగా తెరుచుకుంటే ఇంజిన్ అంత బాగా ఊపిరి పీలుస్తుంది. మైలేజీ కావాలి, పికప్ కావాలి అన్నది మనమే. కంపెనీలు జాగా తగ్గించాయి.

డీజిల్‌కైతే వేరే దారి కూడా లేదు. పెట్రోల్ ఇంజిన్ గాలిని సుమారు పదో వంతుకి కుదిస్తే, డీజిల్ 15 నుంచి 18వ వంతుకి కుదించాలి. స్పార్క్ ప్లగ్గు లేదు మరి, ఆ ఒత్తిడికి పుట్టే వేడితోనే డీజిల్ అంటుకోవాలి. అందుకని పిస్టన్ పైకొచ్చినప్పుడు దాని నెత్తికీ, సిలిండర్‌ని పైన మూసే హెడ్డుకీ మధ్య మిగిలే సందు ఇంచుమించు ఒక మిల్లీమీటరు. తెరుచుకున్న వాల్వు కిందికి దిగేది ఎనిమిది, పది మిల్లీమీటర్లు. ఒక మిల్లీమీటరు సందులో ఎనిమిది మిల్లీమీటర్ల వాల్వు. బెల్టు తెగిన డీజిల్ బండి గురించి చెప్పడానికి ఇంకేమీ లేదనిపిస్తుంది నాకు.

ఆ అర సెకనులో ఏం జరుగుతుంది

ఇప్పుడు గుమ్మిడిపూండి రోడ్డు మీదికి రండి. బెల్టు చేతులెత్తేసింది. క్యామ్‌ని తిప్పేవాళ్లు లేరు. పైన వాల్వు స్ప్రింగులన్నీ దాన్ని నొక్కుతూనే ఉంటాయి కాబట్టి అది ఊపు మీద తిరుగుతూ పోదు, దాదాపు ఉన్నచోటే ఆగిపోతుంది. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో క్యామ్ ఎక్కడ ఆగినా ఏదో ఒక వాల్వు తెరిచే ఉంటుంది. అంటే చెయ్యి రోట్లోనే ఉండిపోయింది.

రోకలి ఆగిందా? లేదు. బండి 80లో ఉంది, గేరులో ఉంది. ఇంజిన్ మంట ఆగినా చక్రాలు గేర్‌బాక్స్ ద్వారా క్రాంక్‌ని తిప్పుతూనే ఉంటాయి. టాప్ గేరులో ఆ వేగానికి డీజిల్ బండి సుమారు 2000 ఆర్‌పీఎం దగ్గర ఉంటుందనుకుంటే, ఒక చుట్టుకి పట్టేది సెకనులో 30వ... సరిగ్గా చెప్పాలంటే 33వ వంతు. మొదటి దెబ్బ ఆ మొదటి చుట్టులోనే పడుతుంది. ఏదో తేడాగా ఉందని డ్రైవర్ మెదడుకి తట్టి, కాలు క్లచ్ మీదికి వెళ్లడానికి అర సెకను అనుకున్నా, ఆపాటికి క్రాంక్ 16 చుట్లు తిరిగేసింది. మనకు వినపడకపోవడంలో ఆశ్చర్యం లేదు. హైవే గాలి, టైర్ల మోత, ఎఫ్ఎం పాట. టపటపమన్నది కొన్ని దెబ్బలే. వంగాల్సినవి వంగిపోయాక మరీ అంత చప్పుడుండదు.

వాల్వు అంటే సన్నటి కాడ, చివర గుండ్రటి రేకు. పిస్టన్ కింది నుంచి గుద్దగానే కాడ వంగుతుంది. వంగిన వాల్వు తన గూట్లో సరిగ్గా కూర్చోదు. అది కూర్చోకపోతే ఆ సిలిండర్‌కి కంప్రెషన్ లేదు. బావగారు సెల్ఫ్ కొట్టినప్పుడు మోటారు అంత తేలిగ్గా తిరగడానికి కారణం ఇదే. మామూలుగా సెల్ఫ్ మోటారు మూలిగేది గాలిని కుదించలేక. కుదించడానికి గాలి నిలవనప్పుడు అది గాలిపటం చక్రంలా తిరుగుతుంది. ఆ తేలిక చప్పుడు ఒకసారి విన్నవాళ్లు మరిచిపోరు.

వాల్వులు వంగడంతో ఆగితే అదృష్టమే. కాడ వంగేటప్పుడు అది జారే గైడ్ పగలొచ్చు. పైన క్యామ్ తోపుని వాల్వుకి అందించే రాకర్లు విరగొచ్చు. కొన్ని డీజిల్ ఇంజిన్లలో ముందు రాకరే విరుగుతుంది, ఇంట్లో ఫ్యూజు కొట్టేసినట్టు, దానివల్ల వాల్వు బతికిపోయే సందర్భాలూ ఉన్నాయి. క్యామ్ షాఫ్టే విరిగే సందర్భాలూ ఉన్నాయి. అన్నిటికన్నా చెడ్డది వాల్వు తల తెగి సిలిండర్‌లో పడటం. అప్పుడు ఆ ఉక్కు ముక్కని పిస్టన్ హెడ్డుకేసి దంచుతుంది. పిస్టన్‌కి కన్నం, హెడ్డుకి గుంటలు, పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపే కనెక్టింగ్ రాడ్ వంపు. అక్కడితో అది రిపేరు కాదు, ఇంజిన్ కొనడం.

సెల్ఫ్ ఎన్నిసార్లు కొట్టారని మెకానిక్ మొట్టమొదట అడిగింది ఇందుకే. హైవే మీద తెగితే జరగాల్సిన నష్టంలో ఎక్కువ భాగం మనకు తెలిసేలోపే జరిగిపోతుంది, అది నిజం. సెల్ఫ్ దానిమీద వడ్డీ. కానీ సిగ్నల్ దగ్గర నిలబడి ఉన్నప్పుడో, పొద్దున్నే స్టార్ట్ చేసేటప్పుడో తెగితే లెక్క మారుతుంది. ఇంజిన్‌కి పెద్దగా ఊపు లేదు కాబట్టి ఒకటి రెండు వాల్వులతో పోవచ్చు, పోకపోనూ వచ్చు. అక్కడ పట్టుదలగా సెల్ఫ్ కొడితే బతికి ఉన్నవాటిని మనమే వంచినవాళ్లమవుతాం. నలుగురు చేరి తోసి, సెకండ్ గేరులో క్లచ్ వదలడం ఇంకా ఘోరం.

చెన్నైలో ఈ మాట చెప్పడం సులువు. 2015 డిసెంబరు వరదల తర్వాత ఊళ్లో కారున్న ప్రతివాళ్లకీ ఒక సూత్రం నోటికొచ్చింది: నీళ్లు ఎక్కిన బండికి సెల్ఫ్ కొట్టకూడదు. 2023లో మిచాంగ్ తుఫానుకి బేస్‌మెంట్లు మునిగినప్పుడు వాట్సాప్ గ్రూపుల్లో మళ్లీ అదే మాట తిరిగింది. ఆ సూత్రాన్ని కాస్త సాగదీసి, నడుస్తూ నడుస్తూ చప్పుడు లేకుండా ఆగిపోయిన బండికి కూడా వర్తింపజేస్తే చాలు. అక్కడ పిస్టన్‌కి నీళ్లు అడ్డు, ఇక్కడ వాల్వు.

రోడ్డు మీద ఆ క్షణంలో ఇంకో సంగతి కూడా గుర్తుండాలి. ఇది ఇంజిన్ కోసం కాదు, మనుషుల కోసం. చాలా డీజిల్ బండ్లలో బ్రేకుకి బలమిచ్చే వాక్యూమ్ పంపు క్యామ్‌తోనే తిరుగుతుంది. క్యామ్ ఆగితే అదీ ఆగుతుంది. నిల్వ ఉన్న వాక్యూమ్‌తో ఒకటి రెండుసార్లు బ్రేకు మామూలుగా పడుతుంది, తర్వాత పెడల్ రాయిలా గట్టిపడుతుంది. అందుకే తొక్కి వదిలి, తొక్కి వదిలి కాకుండా ఒకే పట్టున తొక్కాలి. స్టీరింగ్ కూడా బరువెక్కొచ్చు. క్లచ్ తొక్కి న్యూట్రల్ చేసి, హజార్డ్ లైట్లు వేసి పక్కకు తీయడం, తాళం పూర్తిగా లాగేయకుండా ఉండటం. స్టీరింగ్ లాక్ పడితే అసలు ప్రమాదం అప్పుడు మొదలవుతుంది.

విప్పి చూస్తే

మాధవరంలో కవర్ విప్పాక నాకు మొదటి ఆశ్చర్యం బెల్టు చూసి. అది తెగలేదు. చుట్టు చుట్టులాగే ఉంది. మెకానిక్ దాన్ని బయటికి తీసి నా చేతిలో పెట్టి, ఒకచోట వేలితో తడమమన్నాడు. నాలుగు వేళ్ల మేర పళ్లు లేవు. నున్నగా, చెక్కేసినట్టు. బెల్టు తెగింది అని మనం అనుకునే వాటిలో ఇలాంటివీ బోలెడు. పళ్లు రాలిపోయి, కింద క్రాంక్ పుల్లీ ఆ నున్నటి ముక్క మీద ఉత్తినే తిరుగుతుంది. టెన్షనర్‌ని చేత్తో తిప్పి చూపించాడు, బేరింగ్ గరగరమంటూ మధ్యలో పట్టేస్తోంది. అదీ అసలు దొంగ. బెల్టు బిగువు చూసుకునే ఆ చిన్న చక్రం ఆగిపోతే, బెల్టు దానిమీద ఒరుసుకుంటూ పరిగెత్తాలి. బెల్టు ఒక్కటే మార్చి పాత టెన్షనర్‌ని ఉంచేసుకునే పొదుపు ఎందుకు పనికిరాదో అది పట్టుకుంటే తెలుస్తుంది. వాటర్ పంపు కూడా ఆ బెల్టు మీదే తిరిగే ఇంజిన్లలో దాన్నీ అప్పుడే మార్చేయడం మంచిది. పంపు కారినా, పట్టేసినా పోయేది బెల్టే. పైగా అక్కడిదాకా విప్పే కూలి రెండుసార్లు కట్టనక్కర్లేదు.

మర్నాడు హెడ్ దించారు. పిస్టన్ల నెత్తిమీద మసి. ఆ మసి మధ్యలో నెలవంకల్లా తెల్లటి గాట్లు, ఒక్కో పిస్టన్ మీద ఒకటో రెండో. వాల్వు అంచు తగిలిన ముద్రలు. ఒక వాల్వు తీసి అద్దం ముక్క మీద దొర్లించాడు మెకానిక్. కంటికి తిన్నగానే కనిపించింది గానీ, దొర్లుతుంటే తల అటూ ఇటూ ఊగుతోంది, తాగినవాడి నడకలా. "ఇది మళ్లీ గూట్లో కూర్చుంటాదా సార్?" అన్నాడు. ఎనిమిదిలో ఆరు అలాగే ఉన్నాయి. పిస్టన్లు, రాడ్లు కొలిచి చూస్తే బాగానే ఉన్నాయి. అంతవరకు గట్టెక్కాం.

బిల్లు ఎలా పెరిగిందో ఇప్పుడు తెలిసిపోతుంది. వాల్వులు, గైడ్లు, సీళ్లు, హెడ్ లేత్‌కి పంపి పగుళ్లున్నాయేమో చూడటం, వాల్వు సీట్లు కోయడం, హెడ్ గ్యాస్కెట్, కొత్త హెడ్ బోల్టులు. చాలా ఇంజిన్లలో హెడ్ బోల్టులు ఒకసారి బిగిస్తే సాగేలా చేసినవి, మళ్లీ వాడకూడదు. ఆపై ఆయిలు, కూలెంటు, అన్నిటికన్నా ఎక్కువగా కూలి. మధ్యలో బావగారికి ఎవరో పుదుప్పేట ఆలోచన చెప్పారు, పాత ఇంజిన్ తెచ్చి పెట్టించెయ్ అని. చెన్నైలో పాత పార్టులకి పుదుప్పేట, కొత్తవాటికి జనరల్ ప్యాటర్స్ రోడ్డు, అందరికీ తెలిసినవే. నా మటుకు, వాల్వులతో పోయిన ఇంజిన్‌ని వదిలేసి, ఏ ప్రమాదంలో ఎంత దెబ్బతిన్నదో తెలియని ఇంజిన్‌ని తెచ్చుకోవడం తెలివైన బేరం అనిపించలేదు. బ్లాకు పగిలిన కేసైతే అది వేరే సంగతి. ఆర్‌సీలో ఇంజిన్ నంబరు మార్పించుకోవాల్సిన తలనొప్పి ఎలాగూ ఉంది.

ఇన్సూరెన్స్ ఇస్తారా అని అందరూ అడిగేదే. ఇవ్వరు. మామూలు మోటారు పాలసీలో అరుగుదల, మెకానికల్ బ్రేక్‌డౌన్ మినహాయింపుల జాబితాలోనే ఉంటాయి. ఇంజిన్ ప్రొటెక్ట్ పేరుతో అదనంగా అమ్మేది ముఖ్యంగా నీళ్లు దూరడం, ఆయిలు కారిపోవడం లాంటి వాటికి.

మన బండిలో ఉన్నది బెల్టా, ఇనుప గొలుసా?

బెల్టు చేసే పనే కొన్ని ఇంజిన్లలో ఇనుప చైను చేస్తుంది. ఏది ఉందో కంపెనీ పేరు చూసి చెప్పలేం, ఇంజిన్ చూసి చెప్పాలి. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై హ్యుందాయ్ ఫ్యాక్టరీ నుంచి 1998లో బయటికొచ్చిన శాంత్రోలో బెల్టు. అదే హ్యుందాయ్ తర్వాత ఐ10లో పెట్టిన కప్పా ఇంజిన్‌లో చైను. పాత మారుతి 800లో బెల్టు, కె సిరీస్ మారుతీల్లో చైను. స్విఫ్ట్ డీజిల్‌లో వచ్చిన 1.3 లీటర్ల ఫియట్ ఇంజిన్‌లో చైను. 2012లో ఒరగడం ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రెనో డస్టర్ 1.5 డీజిల్‌లో బెల్టు. పాత ఇన్నోవా డీజిల్‌లో బెల్టు, 2016లో వచ్చిన క్రిస్టా డీజిల్‌లో చైను. ఇప్పుడు అమ్ముతున్న వర్టస్ 1.0 టీఎస్‌ఐ, హ్యారియర్ 2.0 డీజిల్ బెల్టువే. కాబట్టి బెల్టు అంటే పాతకాలపు వ్యవహారం అనుకోవడం పొరపాటు. లారీల పెద్ద డీజిల్ ఇంజిన్లలో ఈ పనికి గేర్లు పెడతారు. ఇంగ్లండ్‌లో పుట్టి చెన్నైలో పెరిగిన పాత బుల్లెట్‌లోనూ గేర్లే. చావవు, కానీ బరువు, చప్పుడు.

కార్లకి బెల్టు రావడానికి కారణం ఆ చప్పుడే చాలావరకు. చైనుకీ గేర్లకీ ఆయిలు కావాలి, బరువెక్కువ, మోత ఎక్కువ. బెల్టు తేలిక, నిశ్శబ్దం, చవక. పళ్ల బెల్టు మొదట వచ్చింది కూడా కార్ల కోసం కాదు, 1940లలో అమెరికాలో కుట్టుమిషన్ల కోసం. సూదీ, కింది దారమూ లయ తప్పకూడదు కదా, ఇక్కడా అదే గొడవ. 1962లో జర్మనీలో గ్లాస్ (Glas) అనే కార్ల కంపెనీ తన 1004 మోడల్ కారులో దాన్ని క్యామ్ తిప్పడానికి పెట్టింది. 1966లో ఫియట్ 124 స్పోర్ట్ రెండు క్యామ్‌లకి అదే వాడింది. ఆ తర్వాత అందరూ వాడారు.

నిశ్శబ్దమే దాని గుణం, దాని దోషమూ అదే. చైను పాడయ్యేటప్పుడు సాగి, పొద్దున్నే స్టార్ట్ చేయగానే గలగలమని కొన్ని వారాలపాటు చెబుతుంది. బెల్టు చెప్పదు. టెన్షనర్ ఈల వేస్తే, ఒక పన్ను దాటి టైమింగ్ తప్పి బండి నీరసంగా లాగుతూ పొగ వదిలితే తెలియాలి. క్రాంక్ పుల్లీకి 20 పళ్లుంటే, ఒక్క పన్ను జరిగితే క్రాంక్ 18 డిగ్రీలు పక్కకు పోయినట్టు. ఆ స్థితిలో రేపు చూద్దాంలే అనుకున్న బండ్లే ఎల్లుండి టోయింగ్ ఎక్కుతాయి. పైకవర్ తీసి చూస్తే బాగానే ఉంది అన్న మాట మీద కూడా నాకు నమ్మకం తక్కువ. ఇప్పటి బెల్టుల రబ్బరు మెరుగైనది, చివరిదాకా పైకి పగుళ్లు కనిపించకపోవచ్చు. పగుళ్లుంటే మార్చాలి, అది సరే. లేవు కాబట్టి ఆగొచ్చు అనుకోవడమే కొంప ముంచేది.

ఎన్ని కిలోమీటర్లకి మార్చాలో మీ బండి మాన్యువల్‌లో ఉంటుంది, ఇంజిన్‌ని బట్టి 60 వేల నుంచి లక్షన్నర దాకా మారుతుంది. దాని పక్కనే ఇన్నేళ్లకి అని ఇంకో అంకె ఉంటుంది, మనం చదవనిది అదే. ఏది ముందొస్తే అది. రబ్బరు వయసుతో గట్టిపడుతుంది, బండి షెడ్డులో నిలబడి ఉన్నా సరే. ఇంకోటి, చెన్నై కిలోమీటరూ హైవే కిలోమీటరూ ఒకటి కాదు. కత్తిపారా, కోయంబేడు, ఓఎంఆర్ ట్రాఫిక్‌లో సగటు 20 పడిందనుకోండి. 60 వేల కిలోమీటర్లకి ఇంజిన్ తిరిగింది 3000 గంటలు. నెల్లూరు రోడ్డు మీద సగటున 60లో తిరిగిన బండికి అదే 60 వేలకి 1000 గంటలు. మీటరు రెండిట్లోనూ ఒకే అంకె చూపిస్తుంది. పైగా ఊళ్లో బండికి కత్తెర ఎండల్లో, గాలి తగలని బానెట్ కింద, ఏసీ వేసుకుని నిలబడ్డ గంటలు అదనం. అందుకే చాలా మాన్యువల్స్‌లో కఠిన వాడకానికి వేరే లెక్క ఇస్తారు. మనం మామూలుగా నడుపుతున్నాం అనుకునేది వాళ్ల భాషలో కఠిన వాడకమే.

వయసుకి ముందే బెల్టుని చంపేవి ఇంకొన్ని ఉన్నాయి. క్యామ్ దగ్గరో క్రాంక్ దగ్గరో ఆయిలుని ఆపే సీలు కారి ఆయిలు బెల్టు మీద పడితే రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. ఫ్యాన్ బెల్టు పీలికలై, ఆ పీలిక క్రాంక్ పుల్లీ వెనక నుంచి టైమింగ్ కవర్‌లోకి దూరి బెల్టుని పడగొట్టడం కూడా జరుగుతుంది. చిన్న బెల్టు కీచుమంటే పట్టించుకోవాలనేది అందుకే. ఆయిల్లోనే మునిగి తిరిగే బెల్టులు మరో రకం, ఎకోస్పోర్ట్‌లో వచ్చిన 1.0 ఎకోబూస్ట్‌లో లాంటివి. వాటికి కంపెనీ చెప్పిన గ్రేడు ఆయిలే పోయాలి. వేరేది పోస్తే బెల్టు పొరలు ఊడి, ఆ చెత్త ఆయిల్ పంపు జల్లెడకి అడ్డం పడుతుంది. అప్పుడు బెల్టు తెగకముందే ఆయిల్ అందక ఇంజిన్ పోవచ్చు.

సెకండ్ హ్యాండ్ బండి కొనేవాళ్లకి నాకు తెలిసిన జాగ్రత్త ఒక్కటే. బెల్టు మార్చిన బిల్లు, దానిమీద తేదీ, కిలోమీటర్లు. ఆ కాగితం చూపించలేకపోతే మార్చలేదనే లెక్క, కొన్న వారంలో మార్పించి ఆ ఖర్చు బేరంలో తగ్గించుకోవాలి. మ్యూజిక్ సిస్టమ్, సీటు కవర్లు చూసినంత శ్రద్ధగా ఈ కాగితం అడిగేవాళ్లని నేను పెద్దగా చూడలేదు. నేనూ బావగారితో ఆ బండి చూడ్డానికి వెళ్లినవాణ్ణే. టైర్లు తన్ని చూసి బాగున్నాయన్నాను.

పది రోజులకి బండి సిద్ధమైంది. కొత్త బెల్టు ఎక్కించి, గుర్తులు కలిపి బిగించాక మెకానిక్ వెంటనే సెల్ఫ్ కొట్టలేదు. పెద్ద స్పానర్ క్రాంక్ బోల్టుకి తగిలించి, చేత్తో నెమ్మదిగా తిప్పడం మొదలుపెట్టాడు. ఒక చుట్టు. ఇంకో చుట్టు. ఎక్కడైనా గట్టిగా తగిలితే చేతికి తెలుస్తుందట, మోటారుకి తెలియదట. రెండు చుట్లు పూర్తయ్యాక పైన క్యామ్ గుర్తు, కింద క్రాంక్ గుర్తు మళ్లీ సరిగ్గా ఎదురుపడ్డాయో లేదో టార్చి వేసి చూశాడు. ఇంకో రెండు చుట్లు తిప్పి మళ్లీ చూశాడు. కవర్లు మూసి, తెల్ల పెయింటు పెన్నుతో కవర్ మీద తేదీ, 94,310 అని రాశాడు. బావగారు దాన్ని ఫొటో తీసుకున్నారు. అప్పుడు తాళం ఆయన చేతికిచ్చి, "ఇప్పుడు కొట్టండి సార్, ఒక్కసారే" అన్నాడు.